టేకు మధ్యలో ఆగని డిస్కు

పాటలు, పాడ్‌కాస్టులు, డబ్బింగ్... ఇప్పుడు అన్నీ ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నారు. మైకు కోసం నెలల తరబడి ఆరా తీసేవాళ్లు, ఆ గొంతు చివరికి చేరే హార్డ్‌డిస్కును మాత్రం ఆఖరి నిమిషంలో ఏదో ఒకటని కొనేస్తున్నారు. ఏ డిస్కు కొనాలి, దేనికి డబ్బు పెట్టాలి, దేనికి అక్కర్లేదు?

జానెట్ జాక్సన్ 1989లో పాడిన ‘రిథమ్ నేషన్’ వీడియో పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఉన్నట్టుండి ఆగిపోయేవి. విండోస్ ఎక్స్‌పీ నాటి సంగతి ఇది. ఒక ల్యాప్‌టాప్‌లో పాట మోగుతుంటే, పక్కన ఊరికే ఆన్‌లో ఉన్న మరో ల్యాప్‌టాప్ కూడా క్రాష్ అయ్యేది. మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2022 ఆగస్టులో ఈ ఉదంతాన్ని రాసేదాకా బయటి ప్రపంచానికి పెద్దగా తెలియదు. పాటలోని ఒక స్వరస్థాయి ఆ ల్యాప్‌టాప్‌లలోని నిమిషానికి 5400 చుట్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) హార్డ్‌డిస్కుల సహజ కంపనంతో సరిగ్గా కలిసింది. డిస్కు వణికింది, చదవడం రాయడం మానేసింది. తయారీ సంస్థ చివరికి ఆ స్వరస్థాయి స్పీకర్ల దాకా చేరకుండా వడకట్టే ఫిల్టరు పెట్టి గట్టెక్కింది. సాఫ్ట్‌వేర్ భద్రతా లోపాల అంతర్జాతీయ జాబితాలో ఈ పాటకు సీవీఈ-2022-38392 అని ఒక నంబరు కూడా పడింది.

ఇలాంటిదే ఇంకొకటి. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డేటా సెంటర్‌లో డిస్కుల అర ముందు నిలబడి గట్టిగా అరిచారు. తెర మీద గ్రాఫులో అరిచిన ప్రతిసారీ డిస్కుల జాప్యం నిట్టనిలువుగా లేచింది. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్‌లో అగ్నిమాపక వ్యవస్థను పరీక్షిస్తుండగా, గ్యాసు బయటికి తన్నుకొచ్చిన చప్పుడుకే పదుల కొద్దీ హార్డ్‌డిస్కులు పాడయ్యాయి. ఏటీఎంలు, కార్డులు గంటల తరబడి పనిచేయలేదు.

శబ్దాన్ని దాచే పెట్టె శబ్దానికే జంకుతుందన్నమాట. రికార్డింగ్ కోసం డిస్కు కొనేవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. హార్డ్‌డిస్కు చూడ్డానికి నిశ్చలంగా ఉన్నా, లోపల పళ్లేలు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటాయి. వాటి ఉపరితలానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో, గాలి తెర మీద తేలుతూ, చదివే తల అటూ ఇటూ పరుగెడుతుంటుంది. ఆ తల ఒక్క క్షణం దారి తప్పినా గాయకుడి గమకం మధ్యలో చిటుక్కుమంటుంది. కొన్నిసార్లు టేకు మొత్తం ఆగిపోతుంది.

లెక్క వేస్తే ఎంత?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో వెతికినా, మొదట వినిపించే మాట ‘ఎంత స్పీడు?’. పెట్టె మీద 7000 ఎంబీ అని ఒకదానికి, 550 అని ఇంకోదానికి రాసి ఉంటుంది. పెద్ద అంకె చూసి అదే మంచిదనుకోవడం సహజం. అయితే శబ్దానికి నిజంగా ఎంత కావాలో ఎవరూ లెక్క వేసి చెప్పరు. ఆ లెక్క చాలా సులువు.

నేటి స్టూడియోల్లో మామూలుగా వాడేది 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. అంటే సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కోటి 3 బైట్లు. ఒక మైకుకు సెకనుకు 1,44,000 బైట్లు. నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, గంటకు సుమారు 518 ఎంబీ. ఇక ఒక కర్ణాటక సంగీత కచేరీని తీసుకుందాం. గాత్రానికి ఒక మైకు, వయొలిన్‌కు ఒకటి, మృదంగం వలంతల, ఎడంతల వైపు చెరొకటి, ఘటానికి ఒకటి, తంబురకు ఒకటి, సభలోని చప్పట్లకూ హాలు గాలికీ రెండు. మొత్తం ఎనిమిది ట్రాకులు. సెకనుకు 1.15 ఎంబీ. మంగళం పాడేదాకా మూడు గంటలు సాగినా 12.5 జీబీ దాటదు.

అంటే ఇరవై ఏళ్ల నాటి యూఎస్‌బీ 2.0 డిస్కు కూడా, కాగితం మీద, ఈ కచేరీని తేలిగ్గా మోస్తుంది. దాని అసలు వేగం సెకనుకు 30 నుంచి 40 ఎంబీ. 64 మైకుల వాద్యబృందాన్ని 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసినా సెకనుకు 18.4 ఎంబీ చాలు. 7000 ఎంబీ డిస్కు కొన్నవాళ్లు రికార్డింగ్‌లో అందులో మూడొందల యాభైలో ఒక వంతు కూడా వాడుకోరు.

మరైతే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ‘డిస్కు నెమ్మదిగా ఉంది’ అని ఎందుకు మొరాయిస్తాయి? లాజిక్ ప్రోలో ఆ హెచ్చరిక చూడనివాళ్లు తక్కువ. ప్రో టూల్స్‌లో 9073 నంబరు ఎర్రర్ చూసి తల పట్టుకున్న ఇంజినీర్లకూ కొదవ లేదు. చిక్కంతా తల పరుగులోనే ఉంది.

తల ఎంత తిరుగుతుందో

ఎనిమిది ట్రాకులంటే డిస్కులో ఎనిమిది వేర్వేరు ఫైళ్లు. పాత ట్రాకులు వింటూ కొత్తది పాడుతుంటే కొన్నింటిని చదవాలి, ఒకదాన్ని రాయాలి. ఆ ఫైళ్లు పళ్లెం మీద వేర్వేరు చోట్ల ఉంటాయి. తల ఒక చోటి నుంచి మరో చోటికి దూకడానికి సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది. దూకాక కావాల్సిన భాగం తిరిగి తల కిందికి వచ్చేదాకా ఆగాలి. 7200 ఆర్‌పీఎం డిస్కులో పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు, సగటున అందులో సగం, అంటే 4.2 మిల్లీసెకన్లు నిరీక్షణ. 5400 ఆర్‌పీఎంలో అది 5.6. మొత్తానికి ఒక్కో దూకుడుకు 13 మిల్లీసెకన్లు. సెకనుకు 75 దూకుళ్లు దాటవు.

ఒక్కో దూకుడుకు 64 కేబీ ముక్క తెస్తుందనుకుంటే సెకనుకు వచ్చేది దాదాపు 5 ఎంబీ. వరసగా చదివితే 150 ఎంబీ ఇచ్చే డిస్కు ఇక్కడ ముప్పయ్యో వంతుకు పడిపోయింది. అంటే 34, 35 ట్రాకులకు ఊపిరాడదు. సాఫ్ట్‌వేర్లు పెద్ద ముక్కలు తెచ్చి మెమరీలో ముందే సర్దుకుంటాయి కాబట్టి పరిస్థితి ఇంత గడ్డుగా ఉండదు. అయితే అదే డిస్కులో విండోస్ ఉండి, యాంటీవైరస్ తనిఖీ మొదలెట్టి, ఫొటోల ఫోల్డరు క్లౌడ్‌లోకి ఎక్కుతూ ఉంటే, తల ఎవరి పిలుపుకని పలుకుతుంది? అందుకే ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఒక డిస్కు, శబ్దానికి వేరే డిస్కు అన్న నియమం స్టూడియోల్లో పుట్టింది. ప్రో టూల్స్ తయారు చేసే ఎవిడ్ సంస్థ ఏళ్ల తరబడి ఇదే చెబుతూ వచ్చింది.

ఈ బాధ ఇవాళ్టిది కాదు. 1989లో డిజిడిజైన్ సంస్థ సౌండ్ టూల్స్ తెచ్చి, శబ్దాన్ని టేపు నుంచి హార్డ్‌డిస్కుకు మళ్లించింది. 1991లో వచ్చిన మొదటి ప్రో టూల్స్ నాలుగు ట్రాకులకే పరిమితం. అప్పటి డిస్కులకు ఒక అలవాటు ఉండేది. వేడికి పళ్లెం వ్యాకోచిస్తుంది కదా, తల గురి తప్పకుండా ఉండాలని మధ్యమధ్యలో పని ఆపి తమను తాము సరిచూసుకునేవి. ఉత్తరం టైపు చేస్తున్నవాళ్లకు ఆ విరామం తెలిసేదే కాదు. పాట రికార్డు చేస్తున్నవాళ్లకు మాత్రం శబ్దం తెగిపోయేది. ఆ విరామాన్ని తప్పించి, ఆడియో, వీడియోల కోసమే అని ‘ఏవీ’ డిస్కులు మార్కెట్లోకి వచ్చాయి. మైక్రోపోలిస్ కంపెనీకి వాటితోనే పేరు. 1992లో సీగేట్ బారాకుడాతో మొదటిసారి 7200 ఆర్‌పీఎం వచ్చింది, 1996లో చీతాతో 10,000 ఆర్‌పీఎం. అప్పటి ఇంజినీర్లు వేగం వెంట పడ్డారంటే అందులో అర్థముంది. వాళ్ల డిస్కులు నిజంగానే చాలేవి కావు. 1999లో రికీ మార్టిన్ పాడిన ‘లివిన్ లా విదా లోకా’ అమెరికాలో మొదటి స్థానానికి చేరినప్పుడు, పూర్తిగా ప్రో టూల్స్‌లో, అంటే హార్డ్‌డిస్కు మీదే తయారై ఆ స్థాయికి వెళ్లిన మొదటి పాటగా పేరొచ్చింది. అప్పటి సలహాలే నేటికీ చేతులు మారుతున్నాయి. డిస్కులు మారిపోయాయి, సలహాలు మారలేదు.

పెట్టె మీద రాయని మాట

తిరిగే హార్డ్‌డిస్కే కొనాలనుకుంటే ఆర్‌పీఎం కన్నా ముందు చూడాల్సినవి మూడక్షరాలు: సీఎంఆరా, ఎస్‌ఎంఆరా?

సీఎంఆర్ డిస్కులో దత్తాంశపు చారలు పక్కపక్కన, ఒకదాన్నొకటి తాకకుండా ఉంటాయి. ఎస్‌ఎంఆర్‌లో ఎక్కువ చారలు పట్టించడానికి ఒకదాని అంచు మీద మరోటి పరుస్తారు, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని మీదున్న వరసంతా లేపి మళ్లీ పేర్చాలి. ఎస్‌ఎంఆర్ డిస్కు చేసేదీ అదే. ఒక చార మార్చాలంటే చుట్టుపక్కల చారలన్నీ చదివి తిరగరాస్తుంది. ఖాళీ డిస్కు మీద మొదటిసారి రికార్డు చేస్తే ఇబ్బంది కనపడదు. కొత్తగా వచ్చినదాన్ని ముందు విడిగా ఉంచిన కొంత జాగాలో దింపుకుని, తీరికగా సర్దుకుంటుంది. అసలు కథ కొన్ని నెలలకు మొదలవుతుంది. టేకులు చెరిపి, కత్తిరించి, మళ్లీ రాసి, డిస్కు ముప్పాతిక నిండాక ఆ తీరిక దానికి దొరకదు. ఉన్నట్టుండి కొన్ని సెకన్లు మౌనంగా ఉండిపోతుంది. ఆ కొన్ని సెకన్లలో పల్లవి పోతుంది.

ఇది కొనేవాళ్లకు తెలియకుండానే జరిగింది. నిరంతరం పనిచేసే నిల్వ పెట్టెల కోసమని అమ్మిన ‘రెడ్’ శ్రేణిలో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లలో ఎస్‌ఎంఆర్ వాడినట్టు వెస్టర్న్ డిజిటల్ 2020 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. వినియోగదారులు గగ్గోలు పెట్టాక సీఎంఆర్ డిస్కులను ‘రెడ్ ప్లస్’ అని విడదీసింది. మిగతా కంపెనీలూ కొన్ని మామూలు డెస్క్‌టాప్ మోడళ్లలో ఇదే చేశాయని అప్పుడే తేలింది. ఇప్పుడు కంపెనీలు తమ మోడళ్ల వివరాల్లో ఏది ఏ రకమో చెబుతున్నాయి. పెట్టె మీద ఉండదు. మోడల్ నంబరుతో వెతికి చూసుకోవాలి, ఆ అయిదు నిమిషాలు ఖర్చు పెట్టాలి. జేబులో పట్టే రెండున్నర అంగుళాల పోర్టబుల్ హార్డ్‌డిస్కుల్లో చాలా మటుకు ఎస్‌ఎంఆర్‌వే. పాటల కాపీ దాచుకోవడానికి అవి పనికొస్తాయి. నేరుగా వాటి మీద రికార్డు చేయడం మాత్రం మంచిది కాదు.

తిరిగే డిస్కు మీద రికార్డు చేయవద్దనడానికి ఇంకొక కారణం కూడా ఉంది. పడకగదినే స్టూడియోగా మార్చుకున్న ఇంట్లో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, గోడలకు దుప్పట్లు కట్టి గొంతు సవరించుకుంటే, మైకులో వినిపించేది బల్ల మీది హార్డ్‌డిస్కు గురగుర. బల్ల ద్వారా మైకు స్టాండులోకి పాకే ఆ వణుకు మిక్సింగ్‌లో ఎంత కోసినా పోదు.

ఎస్‌ఎస్‌డీ వచ్చాక

ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, దూకే తల లేదు. ఒక చోటి నుంచి మరో చోటికి మారడానికి 13 మిల్లీసెకన్లు పట్టేది కాస్తా మిల్లీసెకనులో పదో వంతు దగ్గరికి వచ్చేసింది. ముప్పై ఏళ్లుగా ఇంజినీర్లను పీడించిన సమస్య దాంతో తీరిపోయింది. జానెట్ జాక్సన్ ఎంత గట్టిగా పాడినా దానికి పట్టదు. రికార్డింగ్ చేసే డిస్కు విషయంలో ఇవాళ మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట ఒకటే: ఎస్‌ఎస్‌డీ కొనండి, అందులో చవకైన సాటా రకమైనా సరే. సెకనుకు 550 ఎంబీ అంటే ఎనిమిది మైకుల కచేరీకి కావాల్సినదానికి 450 రెట్లకు పైగా.

పెట్టె మీద 7000 అని రాసి ఉండే ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ కొంటే శబ్దం బాగుంటుందా? ఉండదు. రాసే అంకెలు రెండింటిలోనూ అవే. పాడుతుంటే హెడ్‌ఫోన్లో గొంతు ఆలస్యంగా వినపడే బాధ తగ్గుతుందా? అదీ తగ్గదు. చాలామంది ఈ ఆశతోనే ఖరీదైన డిస్కు కొంటున్నారు కాబట్టి కాస్త విడమరిచి చెప్పాలి. ఆ ఆలస్యం మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌దీ, సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్న బఫర్‌దీ. బఫర్ 128 నమూనాలైతే 48 కిలోహెర్ట్జ్‌లో 2.7 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21 మిల్లీసెకన్లు. పాడేవాడి గొంతు హెడ్‌ఫోన్‌కు చేరే దారిలో డిస్కు ఉండదు. ఎంత ఖర్చు పెట్టినా డిస్కు ఆ 21ని 20 చేయలేదు. ఆ డబ్బుతో మంచి ఇంటర్‌ఫేస్ కొంటే ఫలితం చెవికి తెలుస్తుంది.

ఎన్‌వీఎంఈ వేగం నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది: వాద్యాల శాంపిల్ లైబ్రరీలు. సినిమా నేపథ్య సంగీతం కట్టేవాళ్ల కంప్యూటర్లలో ఒక్కో వాద్యబృందం లైబ్రరీ వందల జీబీలు ఉంటుంది. ఒక్కో వయొలిన్ స్వరాన్ని మెల్లగా, గట్టిగా, లాగి, తుంచి రకరకాలుగా వాయించి రికార్డు చేసిన వేలాది ముక్కలవి. అన్నీ మెమరీలో పట్టవు. స్వరం మొదలును మాత్రం మెమరీలో ఉంచి, మీట నొక్కగానే మిగతాది డిస్కు నుంచి తెచ్చి అతికించే పద్ధతిని 1998లో గిగాశాంప్లర్ అనే సాఫ్ట్‌వేర్ అందుబాటులోకి తెచ్చింది. నేటి కాంటాక్ట్ వంటివీ అదే దారిలో నడుస్తున్నాయి. అరవై వాద్యాల ప్రాజెక్టు తెరవడానికి పట్టే సమయం, పది వేళ్లతో ఒకేసారి తీగ వాద్యాలు వాయించినప్పుడు స్వరాలు తెగకపోవడం డిస్కు మీదే ఆధారపడతాయి. కీబోర్డు ముందు కూర్చుని బాణీ కట్టేవాళ్లకు ఎన్‌వీఎంఈ పెట్టుబడి గిట్టుబాటే. జానపద గీతం పాడి యూట్యూబ్‌లో పెట్టే జంటకో, పుస్తకం చదివి ఆడియోబుక్ చేసే గొంతుకో ఆ ఖర్చు అవసరం లేదు.

ఎస్‌ఎస్‌డీలోనూ కిటుకులున్నాయి. చవక మోడళ్లలో క్యూఎల్‌సీ రకం చిప్పులు వాడతారు. వాటి ముందు భాగం వేగంగా రాస్తుంది, ఆ భాగం నిండాక వేగం దిగజారుతుంది. ఉదాహరణకు శాంసంగ్ 870 క్యూవీఓ 1 టీబీలో ఆ కాస్త జాగా అయిపోతే వేగం 80 ఎంబీకి పడుతుందని కంపెనీయే చెబుతుంది. వీడియో తీసేవాళ్లకు అది ఇబ్బంది. మన ఎనిమిది మైకులకు 80 అన్నా అవసరానికి దాదాపు డెబ్బై రెట్లు. డిస్కును పీకల దాకా నింపకుండా అయిదో వంతు ఖాళీగా ఉంచితే ఆ సమస్య మరీ దూరమవుతుంది.

రాసి రాసి ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం కూడా ఎక్కువే. శాంసంగ్ 870 ఎవో 1 టీబీకి కంపెనీ హామీ 600 టీబీల రాత. తీరిక లేని స్టూడియో రోజుకు 25 జీబీ చొప్పున ఏడాదిలో మూడొందల రోజులు రికార్డు చేసినా ఏడాదికి 7.5 టీబీ. లెక్క ప్రకారం 80 ఏళ్లు. అరిగేలోపు ఆ డిస్కును తగిలించే సాకెట్టే కనుమరుగవుతుంది.

తీగ దగ్గర, ప్లగ్గు దగ్గర

డిస్కు బాగానే ఉండి, పక్కనున్నవి కొంప ముంచే సందర్భాలే ఎక్కువ. టైప్-సీ తీగలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఫోన్ ఛార్జింగ్‌కు వచ్చిన తీగల్లో చాలా మటుకు యూఎస్‌బీ 2.0 వేగానికే పరిమితం. డిస్కుతో వచ్చిన తీగను డిస్కుకే ఉంచాలి. ఆడియో ఇంటర్‌ఫేస్, డిస్కు రెండింటినీ ఒకే హబ్‌కు తగిలించడం మానుకోవాలి. యూఎస్‌బీ 3.0 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలకు అడ్డం తగులుతాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్కు పెట్టగానే వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే కారణం అదే కావచ్చు. పొడవాటి తీగతో డిస్కును కాస్త దూరం జరిపితే చాలు.

కరెంటు సంగతి తెలుగు ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు. రికార్డింగ్ నడుస్తుండగా కరెంటు పోతే, వేవ్ ఫైలు మొదట్లో ఉండే ‘నా పొడవు ఇంత’ అన్న వివరం పూర్తికాకుండా మిగిలిపోతుంది. ఫైలు తెరుచుకోదు. లేదా సున్నా సెకన్లు చూపిస్తుంది. అంతా పోయిందని చెరిపేయకండి. శబ్దం చాలా భాగం డిస్కులోనే ఉంటుంది. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో ముడి దత్తాంశంగా దిగుమతి చేసుకుని 24 బిట్, 48,000 అని చెబితే తరచూ తిరిగొస్తుంది. డెస్క్‌టాప్ మీద రికార్డు చేసేవాళ్లకు యూపీఎస్ అన్నది డిస్కు ధరలో భాగమే అనుకోవాలి.

ఫైలు పరిమాణానికీ ఒక హద్దుంది. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు. ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీద ఏ ఫైలూ దాటలేదు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో 4 జీబీ అంటే నాలుగు గంటల ఎనిమిది నిమిషాలు. 96లో రెండు గంటల నాలుగు నిమిషాలే. గంటల తరబడి సాగే భజనో, అష్టావధానమో, ఒగ్గు కథో పట్టేవాళ్లు దీన్ని ముందే చూసుకోవాలి. విండోస్ వాళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్‌లో ఎస్‌ఎస్‌డీ వాడేవాళ్లు ఏపీఎఫ్‌ఎస్ ఎంచుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎఫ్64 రకం ఫైలు ఉంటే పెట్టుకుంటే ఆ హద్దు తొలగిపోతుంది.

మోసాల మాట. ‘16 టీబీ ఎస్‌ఎస్‌డీ’ అని నమ్మశక్యం కాని ధరకు ఆన్‌లైన్‌లో దొరికేవాటిని విప్పి చూస్తే లోపల చిన్న మెమరీ కార్డు కనిపించిన ఉదంతాలు ఎన్నో. కంప్యూటర్‌కు 16 టీబీ అని అబద్ధం చెబుతాయి. అసలు జాగా నిండాక పాతదాని మీదే రాసుకుంటూ పోతాయి. 2025 మొదట్లో జర్మనీలో, వేల గంటలు వాడేసిన సీగేట్ ఎక్సోస్ డిస్కులను వాడకం లెక్క సున్నా చేసి, కొత్తవని కొందరు అమ్మిన సంగతి వెలుగు చూసింది. కొన్న రోజే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో వాడిన గంటలు చూడడం (లెక్క సున్నా చేసినవాటిని ఇదొక్కటే పట్టలేకపోవచ్చు), హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే మరో సాఫ్ట్‌వేర్‌తో డిస్కును మొత్తం నింపి సరిచూడడం మేలు. రాత్రంతా పట్టినా పట్టనివ్వండి. ఆ పరీక్ష తేలేదాకా దాని మీద పాట ఎక్కించకూడదు.

రెండో డిస్కు

ఇక్కడిదాకా చదివినవాళ్లకు ఒకటి అర్థమై ఉంటుంది: రికార్డింగ్‌కు డిస్కు వేగం ఇప్పుడు సమస్యే కాదు. వేగం మీద ఆదా చేసిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. రెండో డిస్కు మీద, వీలైతే మూడో డిస్కు మీద పెట్టాలి.

ఎంత మంచి కంపెనీదైనా డిస్కు పోతుంది. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ ఏటా తన లెక్కలు బయటపెడుతుంది. ఈ మధ్య ఏళ్లలో హార్డ్‌డిస్కుల్లో ఏడాదికి 1 నుంచి 2 శాతం మధ్య పోతున్నాయి. చల్లటి గదుల్లో, కదలకుండా, నిలకడైన కరెంటు మీద నడిచే డిస్కుల లెక్క అది. బ్యాగులో తిరుగుతూ, మే నెల ఎండలో కారులో ఉండిపోయే డిస్కు సంగతి వేరే.

అలమరాలో పెట్టినదీ భద్రం కాదు. సంగీత కంపెనీల పాత రికార్డింగులను దాచే ఐరన్ మౌంటెన్ సంస్థ 2024లో చెప్పిన మాట స్టూడియోలను కలవరపెట్టింది. తమ దగ్గరికి వచ్చే 1990ల నాటి హార్డ్‌డిస్కుల్లో దాదాపు అయిదో వంతు అసలు చదవడానికే రావడం లేదు. వాటిలో ఉన్నవి పాటల అసలు ట్రాకులు. ఆకాశవాణి కేంద్రాల్లో వాడిన పావు అంగుళం టేపుకు ఒక వెసులుబాటు ఉంది. టేపు వేరు, దాన్ని వాయించే యంత్రం వేరు. యంత్రం చెడితే ఇంకో యంత్రానికి ఎక్కించవచ్చు. హార్డ్‌డిస్కులో పళ్లెం, తల, మోటారు, సర్క్యూట్ అన్నీ ఒకే పెట్టెగా బిగించి ఉంటాయి. మోటారు బిగుసుకుంటే, పళ్లెం మీద పాట పదిలంగా ఉన్నా అంత తేలిగ్గా చేతికి రాదు.

ఎస్‌ఎస్‌డీని అలమరాలో పడేసి మరిచిపోవడం ఇంకా ప్రమాదం. అందులో దత్తాంశం విద్యుదావేశంగా నిలుస్తుంది, కరెంటు లేకుండా ఏళ్లు గడిస్తే అది మెల్లగా కారిపోతుంది. మామూలు ఎస్‌ఎస్‌డీ రాత హామీ మొత్తం అయిపోయాక కూడా, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఏడాది పాటు దత్తాంశం నిలపాలన్నది జెడెక్ ప్రమాణం. కొత్త ఎస్‌ఎస్‌డీలు అంతకన్నా చాలా ఎక్కువ కాలమే నిలుపుతాయి. అయినా కోస్తా వేసవిలో పైకప్పు కింది గది 30 డిగ్రీల దగ్గర ఆగదు కదా. కాబట్టి పని విభజన ఇలా ఉంటే బాగుంటుంది: రికార్డింగ్, మిక్సింగ్ ఎస్‌ఎస్‌డీ మీద; పూర్తయిన ప్రాజెక్టుల నిల్వ పెద్ద సీఎంఆర్ హార్డ్‌డిస్కు మీద. జీబీకి అయ్యే ఖర్చులో హార్డ్‌డిస్కు ఇప్పటికీ చాలా చవక. నిల్వ చేసేటప్పుడు దాని గురగురతో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం శబ్దానికీ అంతే వర్తిస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లోనో వేరే ఇంట్లోనో. హైదరాబాద్‌లో పనిచేసే కుర్రాడు పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక హార్డ్‌డిస్కు నాన్నగారి బీరువాలో పెట్టి, కిందటిసారి పెట్టినదాన్ని తిరిగి తెచ్చుకుంటే ఆ మూడో కాపీ ఖర్చు లేకుండా తయారవుతుంది. రెండు డిస్కుల మీదా ఒకేసారి ఒకటే రాసే రెయిడ్ పెట్టె ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది ఒక డిస్కు పోతే పని ఆగకుండా చూస్తుంది, అంతే. పొరపాటున చెరిపిన పాటను రెండు డిస్కుల మీదా ఒకేసారి చెరిపేస్తుంది కూడా. అది బ్యాకప్ కాదు.

ఏం దాచాలన్నదీ అంతే ముఖ్యం. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే దాస్తే, పదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్, ఆ ప్లగిన్లు లేని కంప్యూటర్‌లో అది తెరుచుకోదు. పాట మిక్సింగ్ పూర్తయిన రోజే ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరిదాకా ఒకే పొడవున వేవ్ ఫైళ్లుగా విడిగా రాయించాలి. ఫోల్డరులోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి అందులో పాట పేరు, తేదీ, శ్రుతి, తాళం వేగం, ఎవరు ఏ వాద్యం వాయించారు, 48 కిలోహెర్ట్జా, 96 కిలోహెర్ట్జా అన్నవి రాసిపెట్టాలి. తర్వాత నిల్వ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి, అక్కడ ఆ ఫైళ్లను తెరిచి, మృదంగం, గాత్రం, తంబుర ఒక్కోటి విడిగా కొసదాకా వినాలి. అది సరిగ్గా ఉందని తేలాకే ఎస్‌ఎస్‌డీ మీదున్న పాత సెషన్‌ను చెరిపి, తర్వాతి రికార్డింగ్‌కు జాగా ఇవ్వాలి.